తగవు – తగవరి: నెల్లూరు సీమ సాహిత్యంలో వ్యవహార తర్కం

వ్యాససంగ్రహం:
పదమూడవ శతాబ్దపు నెల్లూరు సీమతో ముడిపడిన మూడు రచనాసంప్రదాయాలు – కేతన విజ్ఞానేశ్వరీయం, తిక్కన విరాటోద్యోగ పర్వాలు, కాటమరాజు కథాచక్రం – వివాదం, వాదం, తీర్పు అనే అంశాలను ఎలా నిర్వహించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాటమరాజు, నల్లసిద్ధుల పుల్లరి తగాదాను వ్యవహారశాస్త్ర పరిభాషతో చదివితే వీరగాథగా మాత్రమే పేరుపడిన ఆ కథలో ఒక న్యాయసమస్య బయటపడుతుందని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: విజ్ఞానేశ్వరీయం, మితాక్షర, వ్యవహారం, ప్రత్యవస్కందనం, కాటమరాజు కథలు, తిక్కన, పుల్లరి, పులికాట్.

ప్రవేశిక

తెలుగులో ‘తగవు’ అనే మాటకు నేడు జగడం అనే అర్థమే వాడుకలో మిగిలింది. పాత కావ్యభాషలో అది ప్రధానంగా న్యాయానికి, ఔచిత్యానికి పేరు. తగినది తగవు. దానిని ఎరిగి చెప్పగలవాడు తగవరి. న్యాయాన్ని చెప్పిన మాటే న్యాయం కోసం పడే పోట్లాటను కూడా చెప్పడం, చివరకు పోట్లాట అర్థమే నిలిచి న్యాయార్థం నిఘంటువుల్లోకి వెళ్లిపోవడం భాషాచరిత్రలో సామాన్యంగా జరిగే అర్థపరిణామమే. ‘రచ్చ’ కూడా అదే దారిన పోయింది. పెద్దలు కూర్చుని తీర్పు చెప్పే చోటు నేడు గోలకు పర్యాయపదమైంది. అయితే తగవు వెంట తగవరి రాలేదు. ఆ మాట వాడుకనుంచే తొలగిపోయింది. వివాదానికి పేరు ఉంది, తీర్చేవాడికి లేదు. ఈ వ్యాసం చర్చించే మూడు రచనల్లోనూ సమస్య ఇదే.

ఆ మూడూ ఒకే సీమకు, దాదాపు ఒకే తరానికి సంబంధించినవి. మూలఘటిక కేతన తన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చాడు. తిక్కన మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా, కవిగా ఉన్నాడు. తిక్కన తండ్రి సోదరుని కుమారుడిగా ప్రసిద్ధుడైన ఖడ్గతిక్కన, కాటమరాజు కథాచక్రం ప్రకారం, నెల్లూరి పక్షాన సేన నడిపి ఆ పోరులో మరణించాడు. ధర్మశాస్త్రాన్ని తెలుగు చేసిన కవి, ధర్మసంకటాన్ని తెలుగు చేసిన కవి, ధర్మం తేలని తగవులో ప్రాణమిచ్చిన సేనాని – ముగ్గురూ ఒక కుటుంబపు పరిధిలోనివారే. మన సాహిత్యచరిత్రలు వీరిని వేర్వేరు అధ్యాయాల్లో పెట్టాయి. శాస్త్రకావ్యం ఒకచోట, పురాణకావ్యం ఒకచోట, జానపద వీరగాథ మరొకచోట. ఈ విభజన బోధనకు అనుకూలమే గాని, అవి ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయన్న సంగతిని మరుగుపరిచింది.

విజ్ఞానేశ్వరీయం: తర్కానికి తెలుగు

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించాడు. కేతన దానిని ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా తెలుగు పద్యాల్లో సంగ్రహించాడు. ధర్మశాస్త్రం తెలుగులోకి రావడానికి ఇదే తొలి పెద్ద ప్రయత్నం. ఆంధ్రభాషాభూషణంతో తెలుగుకు తెలుగులోనే వ్యాకరణం చెప్పినవాడూ ఈయనే. మాటకు నియమం, మనిషికి నియమం రెండూ ఒకే కవి చేతి మీదుగా తెలుగులోకి రావడాన్ని విమర్శకులు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు. విజ్ఞానేశ్వరీయాన్ని ‘అనువాదం’ అని ఒక వాక్యంలో ముగించడం మన సాహిత్యచరిత్రలకు అలవాటైపోయింది.

మితాక్షర వ్యవహారాన్ని నాలుగు పాదాలుగా విభజించింది. వాది చెప్పే ప్రతిజ్ఞ (దీనికే భాష అని పేరు), ప్రతివాది చెప్పే ఉత్తరం, సాక్ష్యాధారాల ప్రదర్శనమైన క్రియ, ఫలితమైన సాధ్యసిద్ధి. ఉత్తరం మళ్లీ నాలుగు విధాలు. ఆరోపణను ఒప్పుకోవడం సత్యోత్తరం, కాదనడం మిథ్యోత్తరం. వాది చెప్పిన విషయాన్ని అంగీకరిస్తూనే తాను బద్ధుడు కాకపోవడానికి కారణం చూపడం ప్రత్యవస్కందనం. ఈ విషయం ఇంతకుముందే తీర్పు పొందిందని చెప్పడం ప్రాఙ్న్యాయం. ఈ విభజన వర్గీకరణ మోజు వల్ల పుట్టింది కాదు. రుజువు బాధ్యత ఎవరిదో దీనిని బట్టే తేలుతుంది. మిథ్యోత్తరమైతే వాది రుజువు చేయాలి. ప్రత్యవస్కందనమైతే ఆ భారం ప్రతివాది మీదికి మారుతుంది. రుజువులు లిఖితం, భుక్తి, సాక్షులు. ఇవేవీ లేనప్పుడే దివ్యపరీక్షలు. మనిషి చూపగల ఆధారం ఉండగా దైవాన్ని పిలవకూడదన్న ఈ క్రమం ఆ కాలపు న్యాయతర్కపు నిగ్రహానికి గుర్తు.

కాటమరాజు కథ: ఒక విచారణ

కాటమరాజు కథాచక్రాన్ని తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1970ల చివరి భాగంలో రెండు సంపుటాలుగా ప్రచురించింది. పాఠాలు వివరాల్లో భేదిస్తాయి, కథాబీజం మాత్రం స్థిరం. కరువు వల్ల ఆలమందలను తోలుకుని కాటమరాజు నెల్లూరి ప్రభువైన నల్లసిద్ధి రాజ్యానికి వస్తాడు. పచ్చిక మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలను ఇచ్చేటట్లు ఒడంబడిక. రాజు ఉంపుడుకత్తె కుందుమాదేవి పెంచిన చిలుక గొల్లల చేతిలో చస్తుంది. ఆమె పంపినవారు ఆవులను హింసిస్తారు. పుల్లరి అడిగితే కాటమరాజు ఇవ్వనంటాడు. రాయబారాలు నడుస్తాయి, విఫలమవుతాయి. ఎఱ్ఱగడ్డపాటి పోరు జరుగుతుంది.

దీనిని వీరగాథగా చదివినప్పుడు చిలుక ఒక నెపం, ఆవులు ఒక నెపం, యుద్ధం అసలు విషయం. వ్యవహారంగా చదివితే యుద్ధం అసలు విషయం కాదు. అది విచారణ జరగకపోవడం వల్ల మిగిలినది.

నల్లసిద్ధి ప్రతిజ్ఞ స్పష్టం. గడ్డి మేశారు, ఒప్పుకున్న పుల్లరి ఇవ్వలేదు. దీనికి కాటమరాజు ఉత్తరం ఏ తరగతికి చెందుతుంది? అతడు ఒడంబడిక లేదనడం లేదు, గడ్డి మేయలేదనడం లేదు. కాబట్టి మిథ్యోత్తరం కాదు. నా పశువులకు నీ రాజ్యంలో రక్షణ లేకపోయింది కనుక నేను బద్ధుడిని కాను అంటున్నాడు. ఇది ప్రత్యవస్కందనం. అంటే శాస్త్రం ప్రకారం రుజువు భారం కాటమరాజుదే. హింస జరిగిందని, జరిపినది రాజుకు సంబంధించినవారేనని, దానివల్ల తన బాధ్యత రద్దవుతుందని మూడు అంశాలను అతడు నిరూపించాలి. సాక్షులు ఎవరు? ఆవుల దగ్గర ఉన్నవారు గొల్లలే. వారు ప్రతివాది పక్షపు మనుషులు.

ఇక్కడ నల్లసిద్ధి తరఫున ఒక గట్టి అభ్యంతరం ఉంది. తన మీది అభియోగం తేలకముందే ప్రతివాది ఎదురు అభియోగం మోపకూడదని యాజ్ఞవల్క్యుని నియమం. పుల్లరి సంగతి ముందు తేల్చు, ఆవుల సంగతి తర్వాత చూద్దామని రాజు అనవచ్చు. అయితే స్మృతి వెంటనే ఒక మినహాయింపు ఇస్తుంది. కలహంలోనూ, సాహసంలోనూ – అంటే బలప్రయోగంతో చేసిన నేరాల్లోనూ – ప్రత్యభియోగం చెల్లుతుంది. ఆవులను హింసించడం సాహసం. కాబట్టి కాటమరాజు ఫిర్యాదును అదే విచారణలో వినవలసిందే. నా దృష్టిలో ఈ వ్యాజ్యం మొత్తంలో కీలకమైన మలుపు ఇదే. ఆవుల సంగతి పుల్లరి సంగతికి జవాబా, వేరే వ్యాజ్యమా అన్న ప్రశ్నను కథలోని రాయబారులు ఎవరూ ఈ రూపంలో పెట్టలేదు. వారు పౌరుషపు భాషలో మాట్లాడారు.

మరొక చిక్కు ఉంది. రక్షణ అన్నది ఒడంబడికలోని షరతా, లేక అడిగినా అడగకపోయినా రాజు చేయవలసిన ధర్మమా? షరతైతే దాని ఉల్లంఘన ఒడంబడికను నేరుగా దెబ్బతీస్తుంది. రాజధర్మమైతే కాటమరాజు పుల్లరి కట్టి, నష్టాన్ని వేరుగా కోరాలని వాదించవచ్చు. ఈ రెండవ పక్షానికి శాస్త్రంలో కొంత ఆధారం ఉంది. దొంగలెత్తుకుపోయిన సొత్తును రాజు జానపదులకు ఇచ్చి తీరాలని యాజ్ఞవల్క్యుడు విధించాడు. చోరీకి చెప్పిన ఈ మాట హింసకు ఎంతవరకు వర్తిస్తుందో వ్యాఖ్యాతలు తేల్చవలసినది. కాని మూలసూత్రం రాజుకు వ్యతిరేకంగానే ఉంది. పన్ను తీసుకునేవాడు కాపలాకు జవాబుదారీ.

పశువుల గురించి ఈ స్మృతికి సూక్ష్మమైన చూపే ఉంది. యజమానికి, పశువుల కాపరికి మధ్య వచ్చే స్వామిపాల వివాదానికి ప్రత్యేక ప్రకరణం కేటాయించింది. పైరు పాడుచేసిన గేదెకు ఎనిమిది మాషాలు, ఆవుకు అందులో సగం, గొర్రె మేకలకు ఆవు దండంలో సగం అని జరిమానాల పట్టిక చెప్పింది. ఊరి చుట్టూ నూరు ధనువుల నేలను, పట్టణమైతే నాలుగువందల ధనువుల నేలను పంటకు పెట్టకుండా వదలమంది. ఆ ప్రకరణంలోనే దైవం వల్ల గాని రాజు వల్ల గాని ఉపద్రవానికి గురైన పశువులను దండం లేకుండా విడిచిపెట్టాలని ఉంది. దైవాన్ని, రాజును ఒకే సమాసంలో కూర్చిన ఆ ప్రయోగాన్ని గమనించాలి. కరువు ఎలాగో రాజు అలాగే, మనిషి నిలువరించలేని ఆపద. కాటమరాజు మందలకు రెండూ తగిలాయి. కరువు వారిని తోలుకొచ్చింది, రాచనగరు వారిని తరిమింది.

తగవరి లేని తగవు

ఇంతవరకు చేసిన విచారణలో ఒక లోపం ఉంది. ఈ వాదాలు ఎవరి ఎదుట చేయాలి?

వ్యవహారాలను క్రోధలోభాలు విడిచి, విద్వాంసులతో కూడి రాజు చూడాలని యాజ్ఞవల్క్యుడు ఆరంభంలోనే చెప్పాడు. రాజుకు వీలులేకపోతే అతడు నియమించిన విప్రుడు, సభ్యులు చూస్తారు. రాగం చేతనో, లోభం చేతనో, భయం చేతనో తప్పుడు తీర్పు చెప్పిన సభ్యులకు రెట్టింపు దండం. రాజాధికృతులు, పూగాలు, శ్రేణులు, కులాలు అని న్యాయస్థానాల అంతరువులూ ఉన్నాయి. గొల్లల మధ్య గొడవైతే కులం తీర్చేది. గొల్లకు, కాపుకు మధ్య గొడవైతే రచ్చ తీర్చేది. రాజు తనంతట తానుగాని, తన మనుషుల ద్వారాగాని వ్యాజ్యాలు పుట్టించకూడదని మనువు కట్టడి చేశాడు. రాజే వాది అయినప్పుడు ఏ సభ? ఈ ప్రశ్నకు శాస్త్రంలో స్థానం లేదు. నల్లసిద్ధి సభలో సభ్యులు లేరని కాదు. ఖడ్గతిక్కన కుటుంబం తరతరాలుగా మంత్రుల కుటుంబం. వ్యవహారం తెలిసినవారు ఉన్నారు. వారు రాజు చెప్పు కింద ఉన్నారు.

ఖడ్గతిక్కన చుట్టూ అల్లుకున్న చాటువుల సంప్రదాయాన్ని ఈ వెలుగులో చూడాలి. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన కొడుకును తల్లి ప్రోలమ్మ, భార్య చానమ్మ స్నానానికి మంచం చాటున పసుపు పెట్టి ఎత్తిపొడిచారన్న కథ అందరికీ తెలిసినదే. పాఠ్యపుస్తకాలు దీనిని వీరమాత, వీరపత్నుల ఘట్టంగా చదివించాయి. ఆ ఇంట్లో ఒక్కరు కూడా ‘పుల్లరి ఎవరికి రావాలి?’ అని అడగరు. వెనుదిరగడం సిగ్గా కాదా అన్నదొక్కటే అక్కడ విషయం. ఖడ్గతిక్కన వెనక్కి రావడానికి తన పక్షపు న్యాయం మీద సందేహం కారణమై ఉండవచ్చునన్న ఊహకు కూడా ఆ చాటువులు తావివ్వవు. వీరరసం న్యాయవిచారణను ఎంత పూర్తిగా మింగగలదో దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండవ పక్షపు సంప్రదాయానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. కాటమరాజు కథను కొమ్ములవారు గొల్లల కోసం పాడతారు. గంగజాతరలో, బొమ్మల తెర ముందు, వీరణాల మోతతో అది ప్రతివాది వంశీకుల ఎదుట వినిపించే ఉత్తరం. నల్లసిద్ధి ప్రతిజ్ఞ అందులో ప్రతిధ్వనిగానే వినిపిస్తుంది. అతడు కుందుమాదేవికి లొంగినవాడిగా కనిపించడం ఉత్తరపత్రం రాసినవారి హక్కు. ఆ చిత్రణను వాస్తవంగా తీసుకుని సిద్ధిరాజును దుష్టుడని తేల్చే విమర్శ ఏకపక్ష విచారణే అవుతుంది. కథాచక్రంలో ఆడదాని అలక మీదికి తప్పును నెట్టడం కూడా ఉభయపక్షాల మగవారికి సౌకర్యంగా ఉందని చెప్పక తప్పదు.

తిక్కన: లెక్క తేలింది, తీర్పు తేలలేదు

తిక్కన భారతం విరాటపర్వంతో మొదలవుతుంది. ఆ పర్వపు ప్రధానఘట్టం గోగ్రహణం. అక్కడా ఆలమందలే, అక్కడా ఒడంబడికే. అర్జునుడు బయటపడగానే పదమూడేళ్ల గడువు పూర్తయిందా లేదా అన్న వివాదం వస్తుంది. గడువు తీరకముందే గుర్తుపడితే పాండవులు మళ్లీ పన్నెండేళ్లు అడవికి పోవాలి. భీష్ముడు కాలగణనతో దీనిని పరిష్కరిస్తాడు. మూలభారతంలో ఐదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున పదమూడేళ్లకు ఐదు నెలల పన్నెండు రోజులు ఎక్కువ వస్తాయని లెక్క. ఇది అచ్చమైన ఒడంబడిక వ్యాఖ్యానం. ‘ఏడాది’ అన్న మాటకు ఏ మానం తీసుకోవాలో మాట ఇచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదు. భీష్ముడు అందరికీ తెలిసిన గణనరీతితో ఆ ఖాళీని పూరించాడు.

తర్కం లోపం లేనిది. ఫలితం మాత్రం శూన్యం. రాజ్యం ఇచ్చేది లేదని దుర్యోధనుడు అక్కడికక్కడే అంటాడు. భీష్ముడు తీర్పు చెప్పి, ఆ తీర్పును తిరస్కరించినవాడి పక్షాన విల్లు ఎక్కుపెట్టాడు. వ్యవహారశాస్త్రపు మాటల్లో చెప్పాలంటే సాధ్యసిద్ధి వచ్చింది, అమలు రాలేదు.

ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణ రాయబారం ఇదే సమస్యను సభ ముందుకు తెస్తుంది. ధర్మం, సత్యం అన్యాయం చేత దెబ్బతింటుంటే ఆపగలిగి కూడా ఉపేక్షించినవారికే ఆ చేటు తగులుతుందని కృష్ణుడు కురుసభను హెచ్చరించే పద్యం తెలుగువారి నాలుకలమీద ఉన్నదే. దాని విలువ నీతిబోధలో లేదనిపిస్తుంది. అది వాదిని గాని ప్రతివాదిని గాని ఉద్దేశించి చెప్పినది కాదు. సభ్యులను ఉద్దేశించినది. తప్పుడు తీర్పుకు స్మృతి విధించిన దండం అక్కడ మౌనానికి కూడా విస్తరించింది. ఒక మంత్రి రాసిన పద్యంగా దానిని చదివితే బరువు మారుతుంది. రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లుకు వెళ్లి గణపతిదేవుని సాయం సంపాదించాడని సిద్ధేశ్వరచరిత్ర చెబుతుంది. దాయాదుల తగవు తీరాలంటే ఇరుపక్షాల కంటే బలమైన మూడవవాడు కావాలన్న సంగతి ఆయనకు పుస్తకాల వల్ల మాత్రమే తెలిసినది కాదన్నమాట.

గడ్డి స్థానంలో నీరు

ఈ ప్రశ్న చరిత్రలో ముగిసిపోలేదని చూపడానికి అదే తీరం నుంచి ఒక్క ఉదాహరణ చాలు. రొయ్యల చెరువుల కేసుగా పేరుపడిన జగన్నాథ్ – భారత ప్రభుత్వం వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, సగీర్ అహ్మద్. తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతులవి తప్ప మిగిలిన రొయ్యల పరిశ్రమలను 1997 మార్చి 31లోగా తొలగించాలని, చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు ఉండరాదని ఆదేశించింది. పులికాట్‌తో పాటు నేలపట్టు పక్షుల రక్షితకేంద్రాన్ని కూడా పేర్కొంది. కలుషితం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది. కాటమరాజుకు దొరకని మూడవవాడు ఇక్కడ దొరికాడు. రాజ్యం ప్రతివాదిగా నిలబడి జవాబు చెప్పింది. ఏడు శతాబ్దాల్లో వచ్చిన ఈ మార్పును తక్కువ చేయడం తగదు.

కాని తర్వాతి కథ కూడా చెప్పాలి. తీర్పు అమలు నిలిచిపోయింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం చేసింది. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలోని నిషేధం జలసాగుకు వర్తించదన్న నిబంధనను 1991 ఫిబ్రవరి 19 నుంచే, అంటే ఆ ప్రకటన పుట్టిన నాటినుంచే, అమలులో ఉన్నట్టుగా అందులో చేర్చింది. శాసనం చేయడం పార్లమెంటు అధికారం, అందులో వివాదం లేదు. చెరువులమీద బతికే కుటుంబాలూ ఆ తీరంలో ఉన్నాయి, వారి పక్షమూ వినదగినదే. కాని గడిచిన కాలానికి కొత్త నియమం రాసుకునే వెసులుబాటు వ్యాజ్యంలో ఒక పక్షానికే ఉన్నప్పుడు ఆ విచారణలో ఇరుపక్షాలు సమానమా అన్నది భీష్ముని అధికమాసాల లెక్క దగ్గర అడగవలసిన ప్రశ్నే. దుర్యోధనుడికి కొత్త పంచాంగం రాయించే అధికారం లేకపోయింది, అంతే.

వరుణుని దండం

యాజ్ఞవల్క్యుని వ్యవహారాధ్యాయం ముగిసే శ్లోకం ఒక విచిత్రమైన విధి చెబుతుంది. రాజు అన్యాయంగా ఎవరివద్దనైనా దండం వసూలు చేస్తే, దానికి ముప్పయి రెట్లు తానే వరుణునికి నివేదించి బ్రాహ్మణులకు దానం చేయాలి. తీర్పరి తన తప్పును తానే పట్టుకోవాలి, తనకు తానే శిక్ష వేసుకోవాలి, దానిని జలాధిదేవతకు సమర్పించాలి. నష్టపోయినవాడికి ఆ ముప్పయి రెట్లలో ఒక రెట్టు కూడా దక్కుతుందని ఆ శ్లోకం చెప్పదు. రాజు తప్పు చేయగలడని శాస్త్రకారుడు ఒప్పుకున్నాడు, అది చిన్న సంగతి కాదు. ఆ తప్పును అతనితో ఒప్పించగల మనిషిని మాత్రం ఊహించలేకపోయాడు.

కొమ్ములవారు తెర విప్పి పాడినప్పుడల్లా గొల్లల ఆవులు మళ్లీ నెల్లూరి పచ్చికలోకి వస్తాయి, చిలుక మళ్లీ చస్తుంది, రాయబారులు మళ్లీ వట్టి చేతులతో తిరిగివెళ్తారు. పుల్లరి ఎవరు ఎవరికి బాకీయో ఆ పాటలో ఇప్పటికీ తేలలేదు.